కాకినాడ–కోరంగి రెండు రోజుల యాత్ర: పోటు, పాటు చూసుకుని వేసుకునే ప్లాన్

"చెట్లు తప్ప అక్కడేం లేవండీ." కోరంగి మడ అడవికి వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది చెప్పే మాట ఇది. ఎప్పుడెళ్ళారని అడగండి. ఆదివారం, కాకినాడలో భోజనం అయ్యాక, పదిమంది గుంపుగా, నీళ్ళు నిండుగా ఉన్న వేళ. అలా వెళితే నిజంగానే ఏమీ కనపడదు. బురదంతా నీటి కింద ఉంటుంది. దాని మీద బతికే పీతలు కలుగుల్లో ఉంటాయి. వాటికోసం దిగే కొంగలు ఇంకెక్కడో కొమ్మల్లో కునుకు తీస్తుంటాయి. అదే చోటికి పాటులో, అంటే నీరు తీసిన వేళ వెళ్ళినవాళ్ళు ఒక్క వంపు దగ్గరే గంటసేపు నిలబడిపోతారు.

అందుకే ఈ యాత్రని మామూలుగా చేసేట్టు హోటల్ బుకింగ్‌తో మొదలుపెట్టకండి. ముందు తేదీ, తర్వాత వేళ, ఆ తర్వాతే రైలు టికెట్. గది ఆఖరున చూసుకున్నా దొరుకుతుంది.

ఎక్కడికి వెళుతున్నాం

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకీ యానానికీ మధ్య పరుచుకున్న అడవి ఇది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బోర్డుల మీద, మ్యాపుల్లో 'కోరింగ' అని ఉంటుంది, ఊళ్ళోవాళ్ళు కోరంగి అంటారు. రెండు రకాలుగానూ వెతకండి. సందర్శకులు చూసే చెక్క వంతెన మాత్రం కోరంగి ఊళ్ళో లేదు. కాకినాడ నుంచి యానం వెళ్ళే 216 నంబరు జాతీయ రహదారి మీద, కాకినాడ దాటగానే వచ్చే చొల్లంగి దగ్గర ఉంది. ఇది తెలియక మ్యాప్‌లో కోరంగి అని కొట్టి నేరుగా ముందుకు వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు.

కాకినాడ ముందు సముద్రం చెరువులా నెమ్మదిగా ఉండటానికి కారణం హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుక గత రెండు వందల ఏళ్ళలో పేరుకుని, దాదాపు 16 కిలోమీటర్ల పొడవున తోకలా ఏర్పడిన దిబ్బ అది. పెద్ద కెరటాలు ముందు దాన్నే కొట్టుకుంటాయి. లోపల ఓడలు నిశ్చింతగా లంగరు వేసుకుంటాయి. ఒకప్పుడు ఆ వైభవం కోరంగిది. ఓడలు కట్టిన ఊరది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన ఆ రేవుని తుడిచిపెట్టేసింది. అక్కడినుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళని బర్మాలో చాలాకాలం 'కొరంగీలు' అనే పిలిచేవారు. ఇప్పుడు ఆ ఊరి గుండా కారులో వెళితే ఇదంతా ఇక్కడే జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

మొదట నెల, తర్వాత తిథి

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులు వచ్చి ఉంటాయి, ఎండ తట్టుకోగలం, ఉక్కపోత తక్కువ. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు కాబట్టి ఆ రోజుల్లో టికెట్లు తీసుకుంటే రద్దు చేసుకునే వెసులుబాటు పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల గురించి మొహమాటం లేకుండా చెబుతున్నాను: వద్దు. ఎండకి తోడు ఉప్పుగాలి ఉక్క. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. హార్బర్ బోసిపోయి ఉంటుంది, చేప ధర మండిపోతుంది. వర్షాకాలంలో అడవి పచ్చగా బాగుంటుంది కానీ గోదావరికి వరద వచ్చినా, సముద్రం అలజడిగా ఉన్నా పడవలు ఆపేస్తారు.

ఇక తిథి. గోడమీది క్యాలెండర్ తీయండి. అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా పోటు బాగా పొంగుతుంది, పాటులో నీరు బాగా లోపలికి తీసేస్తుంది. అష్టమి దగ్గర రెండూ మందంగా ఉంటాయి. మన తీరంలో ఆటుపోట్ల తేడా గుజరాత్ వైపు ఉన్నంత భారీగా ఉండదు. అయినా మడ అడవిలో నేల దాదాపు చదును కాబట్టి నీరు ఒక్క అడుగు దిగినా చాలా దూరం బురద బయటపడుతుంది. మనకి కావలసింది ఆ బురదే. కాబట్టి అమావాస్య లేదా పౌర్ణమికి దగ్గరగా వచ్చే శని, ఆదివారాలు ఎంచుకోండి.

ఒక్క తిథి మాత్రం తప్పించుకోండి. పుష్య బహుళ అమావాస్యని ఈ ప్రాంతంలో చొల్లంగి అమావాస్య అంటారు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర ఇక్కడి స్నానంతోనే మొదలవుతుంది. జనవరిలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. పుణ్యం కోసమైతే ఆ రోజే రండి. పక్షుల కోసమైతే ఆ జనంలో పని జరగదు.

వేళ లెక్క: ఇదొక్కటి తెలిస్తే చాలు

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ప్రతి రోజూ అంతకుముందు రోజుకన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. దీన్నుంచి రెండు పనికొచ్చే సంగతులు తేలతాయి.

ఒకటి: శనివారం పాటు ఉదయం పది గంటలకు ఉంటే ఆదివారం పదకొండుకి కాస్త ముందు ఉంటుంది. శనివారం కుదరకపోయినా ఆదివారం ఇంకో అవకాశం ఉన్నట్టే.

రెండు: వారం రోజుల్లో ఈ యాభై నిమిషాలు కలిసి దాదాపు ఆరు గంటలవుతాయి. అంటే ఈ శనివారం పది గంటలకు పోటు ఉంటే, వచ్చే శనివారం అదే వేళకి పాటు ఉంటుంది, కాస్త అటూ ఇటూగా. మీరు అనుకున్న వారం వేళ కుదరకపోతే ఒక్క వారం వాయిదా వేయండి, లెక్క తిరగబడుతుంది. కాకపోతే అప్పుడు అష్టమి దగ్గరపడుతుంది కాబట్టి నీరు కాస్త తక్కువగా తీస్తుంది.

కాకినాడ రేవు పేరు మీద ఆటుపోట్ల పట్టికలు ఇంటర్నెట్‌లోనూ ఫోన్ యాప్‌లలోనూ దొరుకుతాయి. ఇది ఖగోళం లెక్క, వాతావరణ సూచన కాదు. నెలల ముందు చూసినా దాదాపు సరిగానే ఉంటుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి ఆ రోజే పట్టిక చూసి టికెట్ తీసుకోవచ్చు. బయల్దేరే రెండు రోజుల ముందు మాత్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరికలు ఒకసారి చూసుకోండి.

ఒక చిన్న సవరణ ఉంది. పట్టికలో ఉండేది రేవు దగ్గరి వేళ. అక్కడినుంచి నీరు కాలువల్లోకి పాకి, మళ్ళీ వెనక్కి రావడానికి కొంత సమయం పడుతుంది. అందుకని చొల్లంగి కాలువలో పాటు కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. పట్టికలో చూసిన పాటు వేళకి గంట ముందు వంతెన మీద ఉండి, ఆ వేళ దాటాక ఇంకో గంట అక్కడే ఉంటే ఏదీ తప్పిపోదు.

చేరడం

హైదరాబాద్ నుంచి రాత్రి ప్రయాణమే సుఖం. గౌతమి ఎక్స్‌ప్రెస్ నేరుగా కాకినాడ వస్తుంది. లింగంపల్లి నుంచి కాకినాడ టౌన్‌కి ఏసీ రైలూ ఉంది. బెంగళూరువాళ్ళకి శేషాద్రి, చెన్నై వైపునుంచి సర్కార్. వీటిలో టికెట్ దొరక్కపోతే కంగారు పడొద్దు. సామర్లకోట స్టేషన్ పేరుతో వెతకండి. చెన్నై–హౌరా మెయిన్ లైన్ మీద ఉన్న జంక్షన్ అది. కాకినాడ లోపలికి రాని బండ్లు చాలా అక్కడ ఆగుతాయి. అక్కడినుంచి ఊరు 15 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ ఎప్పుడూ ఉంటాయి. పొద్దున్నే దిగితే సామర్లకోటలోనే కుమారారామ భీమేశ్వరుడి దర్శనం చేసుకుని రావచ్చు. గుడి ప్రశాంతంగా ఉంటుంది, చాళుక్యుల కాలపు కట్టడం.

కారులో వచ్చేవాళ్ళకి విశాఖ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, విజయవాడ నుంచి 210 వరకు. విశాఖ వైపునుంచి వస్తే కత్తిపూడి దగ్గర పెద్ద రోడ్డు వదిలి పిఠాపురం మీదుగా రండి. హైదరాబాద్ నుంచి 500 కిలోమీటర్ల దూరం. శుక్రవారం రాత్రి ఆఫీసు అయ్యాక నిద్ర ఆపుకుంటూ నడిపి, శనివారం తెల్లారి పక్షులు చూడాలనుకోవడం అనవసరపు సాహసం.

కాకినాడలో దిగాక చొల్లంగికి ఆటో మాట్లాడుకోవచ్చు. యానం, అమలాపురం వైపు వెళ్ళే బస్సులు ఆ దారినే పోతాయి. రానూపోనూ ఆటో మాట్లాడుకుని, వెయిటింగ్ ఎంతో ముందే తేల్చుకోండి. గంటలో వచ్చేస్తామని చెప్పి మూడు గంటలు ఉంటే గొడవ తప్పదు. ఇక్కడ మూడు గంటలు పడుతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి

పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, దోమల క్రీము. మడ అడవి దోమకి సాయంత్రం దాకా ఆగే ఓపిక ఉండదు, పట్టపగలే కుడుతుంది. బట్టలు ఆకుపచ్చో మట్టిరంగో అయితే మేలు. జారని అడుగున్న బూట్లు వేసుకోండి, తడిసిన చెక్క మీద చెప్పులు జారతాయి. నీళ్ళ సీసా స్టీలుది తెచ్చుకోండి.

బైనాక్యులర్ ఒకటి అరువు తెచ్చుకునైనా తెండి. 8x42 అని రాసి ఉండేది మనలాంటివాళ్ళకి సరిపోతుంది. ఫోన్ కెమెరాతో కొంగని తీస్తే తెల్ల చుక్క వస్తుంది, ఆ చుక్క చూపించి ఎవరినీ ఒప్పించలేం. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు అవుతుంది.

శనివారం తెల్లవారుజాము: కుంభాభిషేకం రేవు

చెక్క వంతెన టికెట్ కౌంటరు తెల్లవారుజామున తెరవరు. కానీ పక్షులు మన కోసం ఆగవు. ఆ రెండు మూడు గంటలూ వాడుకోవడానికి కాకినాడలోనే కుంభాభిషేకం దగ్గరి చేపల రేవు ఉంది. రాత్రి వేటకి వెళ్ళిన పడవలు తిరిగి వచ్చే చోటు. చేపల బుట్టలు దించుతుంటే వాటిచుట్టూ తెల్లకొంగలు, వాటిపైన గద్దలు. ఇటుకరంగు రెక్కలు, తెల్లటి తల ఉన్న గరుడ పక్షి ఇక్కడ కాకంత మామూలుగా తిరుగుతుంది.

పాటు ఆ వేళకే ఉంటే రేవు పక్కన బురద మైదానం బయటపడుతుంది. అక్కడ చూడాలి అసలు సందడి. పొడుగు కాళ్ళ పెయింటెడ్ స్టార్క్‌లు ముక్కు సగం తెరిచి నీటిలో పెట్టి, తల అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తాయి. ముక్కుకి చేప తగలగానే టక్కున మూస్తాయి. చిన్న ఉల్లంకి పిట్టలు కుట్టుమిషను సూదిలా బురదలో పొడుచుకుంటూ పోతాయి. ఇవి మన పిట్టలు కావు, ఉత్తరాన మంచుదేశాల నుంచి చలికాలం గడపడానికి వచ్చినవి. అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్ కనపడుతుంది. కింది ముక్కు పైదానికన్నా పొడుగు, నారింజ రంగు. ఆ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ ఎగురుతుంది. ప్రపంచంలోనే తక్కువగా మిగిలిన పక్షి అది, చలికాలంలో కాకినాడ తీరానికి వస్తుంది.

ఇక్కడ ఒక మర్యాద ఉంది. అది బతుకుతెరువు చోటు. వేలంపాట జరుగుతుంటే అడ్డంగా నిలబడి ఫొటోలు తీయకండి. "అమ్మా, ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగితే చేపలమ్ముకునే ఆడవాళ్ళు మామూలుగా కాదనరు. కొందరు చేప ఎత్తి చూపిస్తారు కూడా.

చెక్క వంతెన మీద: నడవడం కన్నా నిలబడటం ముఖ్యం

కౌంటరు ఎప్పుడు తెరుస్తారో, పడవలు నడుస్తున్నాయో లేదో ముందు రోజే హోటల్‌వాళ్ళ ద్వారానో అటవీశాఖ ఆఫీసుకి ఫోన్ చేసో కనుక్కోండి. ఈ వేళలూ రేట్లూ మారుతుంటాయి. లోపలికి వెళ్ళగానే అందరూ చేసే పని, వంతెన చివరిదాకా చరచరా నడిచి వెనక్కి రావడం. మీరు అలా చేయకండి. మొదట్లో జనం సందడి ఉంటుంది, దాన్ని దాటేదాకా నడవండి. కాలువ కనిపించే ఒక వంపు చూసుకుని ఆగండి. పది నిమిషాలు మాట్లాడకుండా ఉండండి.

ముందు బురదే చూడండి. నేలలోంచి వేలంత పొడుగున, పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి వచ్చిన పుల్లలు ఉంటాయి. అవి మొక్కలు కావు, మడ చెట్ల వేర్లు. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి వేళ్ళే పైకి వచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. వాటి మధ్య కలుగుల్లోంచి పీతలు వస్తాయి. ఫిడ్లర్ పీతల్లో మగదానికి ఒక డెక్క ఒళ్ళంత పెద్దది, రెండోది చిన్నది. పెద్దదాన్ని పైకీ కిందికీ ఊపుతూ ఉంటుంది. ఆడపీతని రమ్మనడానికీ, పక్క మగపీతని పొమ్మనడానికీ అదే సంజ్ఞ. మీ నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. కదలకుండా ఉంటే రెండు మూడు నిమిషాల్లో ఒక్కొక్కటే తిరిగొస్తాయి. పిల్లలకి ఈ ఒక్కటి చూపిస్తే చాలు, ఇక ఫోన్ అడగరు.

అదే బురద మీద రెండు కళ్ళు తలపైకి పొడుచుకొచ్చిన చిన్న చేప గెంతుతూ కనపడుతుంది. మడ్‌స్కిప్పర్. నీళ్ళు లేనప్పుడు తడి చర్మంతోనూ, మొప్పల్లో దాచుకున్న నీటితోనూ గాలి పీల్చుకుంటుంది. ముందు రెక్కలే చేతులు. బురద రంగులోనే ఉంటుంది కాబట్టి మొదటిది కనిపెట్టడం కష్టం. ఒకటి కనపడ్డాక చూపు అలవాటు పడి, చుట్టూ పదుల్లో ఉన్నాయని తెలుస్తుంది.

తర్వాత ఆకులు. మడ చెట్టు ఆకు ఒకటి చేతికి అందితే తుంచకుండా వేలితో రాయండి, ఆ వేలు నాలికకి తగిలించండి. ఉప్పగా ఉంటుంది. వేళ్ళు పీల్చుకున్న ఉప్పుని చెట్టు ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది. ఎండ బాగా కాసిన రోజున తెల్లటి పలుకులు కంటికే కనపడతాయి. కానీ ఈ పరీక్ష చేసే ముందు అది మడ చెట్టేనా అని గార్డుని అడగండి. ఎందుకంటే పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది. దాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే కళ్ళు మంటెక్కి కొంతసేపు చూపు కూడా పోతుంది. పిల్లలున్న కుటుంబాలకి ఇదే నేను గట్టిగా చెప్పే జాగ్రత్త: ఇక్కడ కొమ్మలు విరవకూడదు, అంతే. ఇంకొన్ని చెట్లకి గింజ కొమ్మ మీదే మొలకెత్తి, సన్నటి ములక్కాడలా వేలాడుతుంది. బరువెక్కాక బురదలోకి రాలి అక్కడే పాతుకుంటుంది, లేదా పోటుకి కొట్టుకుపోయి ఇంకోచోట మొలుస్తుంది.

ఇక అందరూ అడిగేది నీటిపిల్లి గురించి. బావురుపిల్లి అని కూడా అంటారు. కోరంగి పేరు చెప్పగానే వినిపించే జంతువు అదే. కాలివేళ్ళ మధ్య కొంత చర్మం ఉంటుంది, నీళ్ళలోకి దిగి చేపలు పట్టుకుంటుంది. ఇంటిపిల్లికి దాదాపు రెట్టింపు, ఒళ్ళంతా నల్లటి మచ్చల వరుసలు. అది మీకు కనపడదు. రాత్రిపూట తిరిగే జంతువు, మనం పగలు వెళతాం. ట్రాప్ కెమెరాలు పెట్టి నెలల తరబడి పనిచేసేవాళ్ళకే దాని ఫొటోలు దొరుకుతాయి. "చూపిస్తాం సార్" అని ఎవరైనా బయట డబ్బులడిగితే నవ్వి వచ్చేయండి. దాని జాడ మాత్రం దొరకవచ్చు. పాటు వేళ కాలువ గట్టున తడి బురద మీద గుండ్రటి అడుగులు నీళ్ళలోకి దిగుతూ కనపడితే గార్డుకి చూపించి అడగండి. నక్కలు కూడా ఇక్కడ తిరుగుతాయి, వాటి అడుగుల్లో గోళ్ళ గుర్తులు ఉంటాయి. నీటిపిల్లి గోళ్ళు కూడా పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి ఒక్క ఆ గుర్తుతోనే తేల్చుకోలేం.

నీటికుక్కల విషయంలో ఆశ పెట్టుకోవచ్చు. గుంపుగా తిరుగుతాయి, పగలే వేటాడతాయి. కాలువలో తలలు వరుసగా తేలుతూ వస్తుంటే, కిచకిచ అరుపులు వినపడితే అవే. కనపడగానే అరవకుండా ఉండటం కష్టం, కానీ అరిస్తే మునిగిపోయి ఇంకో వంపులో తేలతాయి.

పడవ ఎప్పుడు ఎక్కాలి

నీరు పూర్తిగా తీసినప్పుడు సన్నటి కాలువల్లో పడవ ఆడదు, అడుగు నేలకి తగులుతుంది. అందుకని పాటులో వంతెన మీద నడిచి, నీరు మళ్ళీ ఎక్కడం మొదలయ్యాక పడవ ఎక్కితే రెండూ దక్కుతాయి. నీరు ఎక్కేకొద్దీ బురద మీద ఉన్న పక్షులు గట్టు వైపుకి జరుగుతాయి, పడవలోంచి దగ్గరగా కనపడతాయి. నీలి లకుముకి పిట్టలు కాలువ మీద వాలిన కొమ్మల మీదే ఉంటాయి.

లైఫ్ జాకెట్ వేసుకోండి. వేసుకోవడమంటే భుజాన తగిలించుకోవడం కాదు, బకిల్స్ పెట్టుకోవడం. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన సంగతి ఈ జిల్లాలవాళ్ళు ఎవరూ మర్చిపోలేదు. పడవలో పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కిస్తుంటే తర్వాతి పడవకి ఆగండి. ఇంజను చప్పుడుకి పక్షులు లేచిపోతాయి. నడిపే అన్నని వంపు దగ్గర ఓ రెండు నిమిషాలు ఇంజను ఆపమని అడగండి, చాలాసార్లు ఆపుతారు.

ఆదివారం: రెండు దారులు

రెండూ చేద్దామనుకోకండి, ఒకటి ఎంచుకోండి.

దక్షిణం వైపు వెళితే యానం, కాకినాడకి 30 కిలోమీటర్ల లోపు. పుదుచ్చేరిలో భాగం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. గోదావరి గట్టున సాయంత్రం నడక బాగుంటుంది. ఎదుర్లంక వైపు బాలయోగి వారధి మీంచి చూస్తే నది ఎంత వెడల్పో తెలుస్తుంది. ఐఫిల్ టవర్‌ని గుర్తుచేసే టవర్ ఒకటి కట్టారు, నాకైతే దానికన్నా నదే నచ్చుతుంది. పెట్రోలు చవక. మందు కూడా చవకే, కానీ సీసాలు కారులో పెట్టుకుని ఆంధ్రాలోకి వస్తే చెక్‌పోస్టులో వారాంతం మొత్తం అక్కడే గడుస్తుంది.

ఉత్తరం వైపు వెళితే ఉప్పాడ. కాకినాడ నుంచి సముద్రం పక్కనే వెళ్ళే రోడ్డు చాలా అందమైనది, చాలా దెబ్బలు తిన్నది కూడా. సముద్రం ఇక్కడ ఏటా ఒడ్డు కోసేస్తోంది. ఇళ్ళూ రోడ్డూ ఎన్నోసార్లు పోయాయి. అలలు పెద్దగా ఉన్న రోజున రోడ్డు మీదికి రాళ్ళే వచ్చిపడతాయి, పోలీసులు ఆపితే వాదించకుండా పిఠాపురం మీదుగా తిరిగి వెళ్ళండి. ఉప్పాడ, కొత్తపల్లిలో జాందానీ చీరలు మగ్గం దగ్గరే చూడవచ్చు. 2009లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలు జాందానీలో బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వెనక దారాలు వేలాడవు. చీర తిరగేసి చూసి కొనండి. ఒక్కో చీరకి వారాలు పడుతుంది కాబట్టి బేరం మరీ గీచి ఆడకండి.

జనవరి నుంచి మార్చి మధ్య వస్తే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కాలం. హోప్ ఐలాండ్ ఇసుకలోనూ, ఈ తీరంలో మరికొన్ని చోట్లా రాత్రిపూట ఒడ్డుకొచ్చి గొయ్యి తవ్వి, వందకి పైగా గుడ్లు పెట్టి వెళతాయి. నెలన్నర, రెండు నెలల మధ్య పిల్లలు బయటికొస్తాయి. అటవీశాఖ గుడ్లని ఏరి హేచరీల్లో కాపాడుతుంది. పిల్లల్ని సముద్రంలో వదిలే రోజు ఏదైనా ఉందా అని శాఖవాళ్ళని ముందే అడగండి, అది తెల్లవారుజామునే ఉంటుంది. సొంతంగా రాత్రి టార్చిలైట్లు వేసుకుని ఒడ్డున వెతకడం మాత్రం వద్దు. వెలుతురు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. పిల్లలు సముద్రం అనుకుని లైటు వైపు పాకుతాయి. అదే ఒడ్డున చచ్చి పడిన పెద్ద తాబేళ్ళు కూడా కనపడవచ్చు. చాలావరకు ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవి. మీ వెంట వచ్చే పిల్లలకి ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్ళండి. హోప్ ఐలాండ్ పడవలు మాత్రం అనుమతినీ సముద్రాన్నీ బట్టి నడుస్తాయి. దాని మీదే ప్లాన్ మొత్తం ఆధారపడేలా పెట్టుకోకండి.

తిండి

సుబ్బయ్య గారి హోటల్ పేరు మీరు విని ఉంటారు. బుట్ట భోజనం కట్టించుకుంటే నలుగురు హాయిగా తినొచ్చు. కానీ అది తిని చెక్క వంతెన ఎక్కితే కాలువ గట్టున కునుకు తప్పదు. నడక అయ్యాకే తినండి. చేపలు కావాలంటే పండుగప్ప, చందువ, మండ పీత అడగండి. పులస జులై నుంచి సెప్టెంబరు మధ్య, గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడే దొరుకుతుంది. చలికాలంలో పులస అని ఎవరైనా వడ్డిస్తే అది వేరే చేప. దసరా దాటాక యానం వైపు చీరమేను అమ్ముతారు. నూలుపోగంత చిన్న చేపపిల్లలు, రుచికి తిరుగులేదు. అవి ఎన్నో రకాల చేపల పిల్లలు కావడంతో పెరగకముందే తినేస్తున్నామన్న బాధ కూడా ఉంది. నిర్ణయం మీది.

ఇవి మర్చిపోకండి

తాబేలు, నీటిపిల్లి రెండూ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. గుడ్డు ముట్టుకోవడం కూడా నేరమే. చిప్స్ ప్యాకెట్ ఒక్కటి వంతెన మీంచి జారినా అది కాలువలోకి, అక్కడినుంచి పాటుతో సముద్రంలోకి పోతుంది. లోపలికి తినుబండారాలే తీసుకెళ్ళకపోతే ఆ సమస్యే లేదు. స్పీకరులో పాటలు పెట్టే గుంపు పక్కన ఉంటే వాళ్ళతో గొడవ పడకుండా ఇంకో వంపుకి నడవండి. వంతెన పొడుగుగానే ఉంది.

తిరుగు రైలు ఆదివారం రాత్రి కాబట్టి సాయంత్రం ఊళ్ళోకి వచ్చి కాజాలు కొనుక్కునే టైము ఉంటుంది. గొట్టం కాజా కాకినాడది, మడత కాజా తాపేశ్వరానిది. రెండూ కొనేట్టయితే విడివిడిగా కట్టించుకోండి. గొట్టం కాజాలో పాకం ఉంటుంది, బ్యాగులో అడుగున పడితే బట్టలన్నీ ఉతుక్కోవాలి.